తుంగనాథ్ కొండల్లో చూసిన పెద్ద రాబందును తెలుగులో ఏమని పిలవాలి?

కొండబాట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మే నెలలో మా కుటుంబం కేదారనాథ్ దర్శనం చేసుకొని, తిరుగుదారిలో చోప్తా నుండి తుంగనాథ్ ఆలయానికి వెళ్ళింది. ఆలయం 3,600 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది కనుక మా అమ్మగారిని గుర్రం మీద ముందు పంపించి, నేనూ ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ అక్కడక్కడ ఆగుతూ మెల్లగా నడిచాము. ఒక మలుపులో కూర్చుని ఊపిరి తీసుకుంటూ ఉండగా, మాకంటె దిగువన, లోయ అంచు వెంబడి ఒక మహాపక్షి రెక్క ఆడించకుండా సాగిపోయింది. పైనుండి చూడడం వల్ల దాని వీపు, రెక్కలు బూడిద కలిసిన నలుపుగా కనిపించాయి. అది పక్కకు ఒరిగినప్పుడు మాత్రం తల, మెడ, రొమ్ము ఇటుకపొడి పూసినట్లు ఎర్రగా మెరిశాయి. తోక పొడవుగా ఉండి చివర కోసుగా ముగిసింది.

దాని కాళ్ళలో కర్రలాంటిది ఏదో ఉంది. అది బాగా పైకి లేచి, రాళ్ళు పరచుకున్న ఒక వాలు మీదికి దానిని జారవిడిచి, వెంటనే సుడులు తిరుగుతూ దిగి, మళ్ళీ పట్టుకొని లేచింది. ఇలా మేము చూస్తుండగానే నాలుగుసార్లు జరిగింది. గుర్రం నడిపే ఆయనను అడిగితే ‘గిద్ధ్’ అని ఒక్క మాటలో చెప్పాడు. అయితే మెడ మీద ఈకలు నిండుగా ఉన్న ఆ పక్షి రాబందు అంటే నాకు నమ్మకం కలగలేదు.

ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేస్తే దానిని పోలిన బొమ్మ ఒకటి దొరికింది. ఒకచోట దానికి గడ్డపు రాబందు అనే అర్థం వచ్చే పేరు, మరొకచోట లామర్‌గయర్ అని, ఇంకొకచోట ఎముకలు విరిచేది అని రాశారు. మా అమ్మాయి తమ బడి పత్రికకు ఈ పక్షి గురించి తెలుగులో వ్యాసం రాయాలని పట్టుబట్టింది. మేము చూసినది ఈ పక్షేనా? ఒకే పక్షికి ఇంత పొంతన లేని పేర్లు ఎందుకు వచ్చాయి? తెలుగులో దానిని ఏ పేరుతో రాస్తే న్యాయంగా ఉంటుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

రెక్కల లెక్క:

కొండబాట గారూ, మీ వర్ణన చదివిన తరువాత సందేహించడానికి ఏమీ మిగలలేదు. మీరు చూసినది శాస్త్రవేత్తలు జిపేటస్ బార్బేటస్ అని పిలిచే పక్షే. కోసుగా ముగిసే పొడవాటి తోక, ఎర్రని రొమ్ము, రాళ్ళ మీద ఎముకను పదేపదే జారవిడవడం, ఈ మూడూ కలిసి మరే పక్షిలోనూ కనబడవు. ఆ కొండల్లోనే తిరిగే హిమాలయ రాబందు దీనికంటె బరువైనది. దాని తోక పొట్టిగా ఉంటుంది, మెడ మీద పలుచని నూగు తప్ప ఈకలు ఉండవు. మీ పక్షి రెక్కలు చాపితే 2.3 నుండి 2.8 మీటర్ల దాకా ఉన్నా బరువు మాత్రం 5 నుండి 7 కిలోలే కావడం వల్ల, కొండవాలుకు ఆనుకొని లేచే గాలి మీద గంటల తరబడి శ్రమ లేకుండా తేలగలదు. ఎవరెస్టు ప్రాంతంలో 7,000 మీటర్లకు పైన కూడా దీనిని చూసినవారు ఉన్నారు.

మెడ మీద ఈకలు ఉన్నందువల్ల మీకు కలిగిన సందేహం సరైనదే, దానికి జవాబు దాని తిండిలో ఉంది. మిగిలిన రాబందులు కళేబరం లోపలికి తల దూర్చి తింటాయి. అందుకు బోడి మెడ అనుకూలం. ఈ పక్షి తిండిలో అత్యధిక భాగం ఎముకలే. తక్కిన జంతువులు, పక్షులు మాంసమంతా తినిపోయిన తరువాత మిగిలిన దానితో బ్రతుకుతుంది కనుక దానికి నెత్తుటిలో తల ముంచవలసిన అవసరం అరుదుగా వస్తుంది. జానెడు ఎముకనైతే అలాగే మింగేస్తుంది. పెద్ద ఎముకలను మీరు చూసినట్లుగా పైనుండి రాళ్ళ మీద పడేసి ముక్కలు చేసుకుంటుంది. ఒకే రాతివాలును ఏళ్ళ తరబడి వాడుకోవడం వల్ల అటువంటి చోట్ల ఎముకల పెళ్ళలు పోగుపడి ఉంటాయి. ఈ విద్య పుట్టుకతో వచ్చేది కాదు. గురి కుదరడానికి పిల్ల పక్షికి కొన్నేళ్ళు పడుతుంది. కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే మింగిన ఎముక ఒక రోజులోపలే కరిగిపోతుంది. ఎముకలో కొవ్వు, మాంసకృత్తులు పుష్కలంగా ఉంటాయి. చల్లని పొడి గాలిలో నెలల తరబడి అవి చెడవు. పోటీపడే జీవులు దాదాపు లేని ఆహారం మీద ఒక పెద్ద పక్షి తన బ్రతుకంతా నిలబెట్టుకోవడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అద్భుతంగానే తోస్తుంది.

ఎరుపు గురించి ఒక మాట చెప్పాలి. ఆ రంగు దాని సొంతం కాదు. దాని రొమ్ము ఈకలు నిజానికి తెలుపు. ఇనుము కలిసిన ఎర్రమట్టి నీటిలో అది కావాలని పొర్లి ఆ రంగు అద్దుకుంటుంది. అటువంటి మట్టి దొరకని పంజరాలలో పెరిగిన పక్షులు తెల్లగానే ఉండిపోతాయి. ఎందుకు పూసుకుంటుందన్న విషయంలో శాస్త్రవేత్తలు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

పేర్ల విషయానికి వస్తే, జిపేటస్ అనేది రాబందు, గరుడపక్షి అనే రెండు గ్రీకు మాటల కలయిక. బార్బేటస్ అంటే లాటిన్‌లో గడ్డం కలది. ముక్కు కింద కుచ్చులా వేలాడే నల్లని వెంట్రుకల వంటి ఈకలను చూసి 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఆ విశేషణం పెట్టాడు. ఈ పేరుతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా లామర్‌గయర్‌తోనే. జర్మన్ భాషలో లామ్ అంటే గొర్రెపిల్ల, గయర్ అంటే రాబందు. ఆల్ప్స్ పర్వతాల పల్లెలలో ఈ పక్షి గొర్రెపిల్లలను, చివరికి పసిపిల్లలను కూడా ఎత్తుకుపోతుందని తరతరాలుగా నమ్మారు. నిజానికి దాని కాళ్ళకు గరుడపక్షి కాళ్ళకున్న పట్టు లేదు. బ్రతికి పెనుగులాడే గొర్రెపిల్లను మోసుకుపోవడం దానికి తలకు మించిన పని. మంద దగ్గర చచ్చిన గొర్రె ఎముకల కోసం వాలిన పక్షిని చూసి, చంపినది కూడా అదే అనుకొని ఉంటారు. ఆ పేరును నమ్మి ప్రభుత్వాలు దాని తలకు వెల కట్టాయి, వేటగాళ్ళు తుపాకులు పట్టారు, కాపరులు విషం పెట్టారు. ఇటలీలోని అవోస్తా లోయలో 1913లో కాల్చివేసిన పక్షితో ఆల్ప్స్‌లో దాని కథ ముగిసింది.

ఆ తరువాత జరిగినది మీ అమ్మాయి వ్యాసంలో తప్పక ఉండాలి. 1986లో ఆస్ట్రియాలోని రౌరిస్ లోయలో, బందీగా పెంచిన దంపతులకు పుట్టిన పిల్లలను, ఇంకా ఎగరడం రాని వయసులోనే ఒక కొండగూటిలో ఉంచి, మనిషి కంటబడకుండా తిండి అందించి, వాటంతట అవే ఎగిరిపోయేలా చేశారు. అడవిలో మళ్ళీ ఒక పిల్ల పుట్టి పెరగడానికి 1997 దాకా, అంటే 11 ఏళ్ళు, ఆగవలసి వచ్చింది. అది ఫ్రాన్స్‌లోని ఓత్-సవోయ్ ప్రాంతంలో జరిగింది. ఇంత నెమ్మది ఎందుకంటే, ఈ పక్షి ఈడుకు రావడానికే చాలా ఏళ్ళు పడుతుంది. నడి చలికాలంలో సాధారణంగా రెండు గుడ్లు పెట్టినా, ముందు పుట్టిన పిల్ల రెండోదానిని బ్రతకనివ్వదు. పెంపక కేంద్రాలలో ఆ రెండో పిల్లను వేరు చేసి కాపాడడం ఈ ప్రయత్నానికి ఎంతో తోడ్పడింది. ఇప్పుడు జర్మన్ మాట్లాడేవారు కూడా పాత పేరును చాలావరకు విడిచి, గడ్డపు రాబందు అనే అర్థం వచ్చే బార్ట్‌గయర్ అనే పేరునే వాడుతున్నారు. కనుక తెలుగులో లామర్‌గయర్ అని రాయవద్దని నా గట్టి మనవి.

పదమూలం:

రెక్కల లెక్క గారు చెప్పినదానికి భాష వైపు నుండి కొంత చేర్చాలనుకుంటున్నాను. గొర్రెపిల్లల నింద జర్మన్ నేల మీద పుట్టినదే కాని, అంతకంటె ఎంతో పాతదైన పేరు ఎముకను బట్టి వచ్చినది. లాటిన్‌లో ఆసిఫ్రాగా అంటే ఎముకలు విరిచేది. స్పెయిన్‌లో ఈనాటికీ దానిని కెబ్రాంతవేసోస్ అంటారు, దాని అర్థం కూడా అదే. అంటే పైరెనీస్ కొండల కాపరులు పక్షి చేసే పనిని కళ్ళతో చూసి పేరు పెట్టారు, ఆల్ప్స్ కాపరులు భయపడి పేరు పెట్టారు. ఈ లాటిన్ మాటకు మరో విచిత్రం జరిగింది. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి దారి తప్పి, ఎముకలతో ఏ సంబంధమూ లేని, చేపలు పట్టి బ్రతికే ఆస్ప్రే అనే పక్షికి అతుక్కుపోయింది.

తెలుగు సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంది. బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండము 11వ అధ్యాయంలో తినకూడని పక్షుల పట్టిక ఒకటి ఉంది. అందులో రెండో పక్షి పేరు హీబ్రూలో పెరెస్. విరవడం, చీల్చడం అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చిన మాట అది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు దానిని ఆసిఫ్రేజ్ అన్నారు, అంటే మన పక్షే. తెలుగు బైబిల్‌లో ఆ స్థానంలో ‘పెద్ద బోరువ’ అని ఉంది. ఆ అనువాదకుల మనసులో ఏ పక్షి మెదిలిందో గాని, ఈ పక్షి స్థానంలో నిలిచిన తెలుగు మాట ఒకటి ఇప్పటికే అచ్చులో ఉంది.

బోరువ అనేది ఈనాటివారికి వినబడని మాటే కాని చచ్చిన మాట కాదు. 19వ శతాబ్దంలో దక్షిణాదిన తిరిగి పక్షుల పేర్లు సేకరించినవారు తెల్ల బోరువ, నల్ల బోరువ అనే రెండు తెలుగు పేర్లు నమోదు చేశారు. మొదటిది పసుపు ముఖం గల చిన్న తెల్ల రాబందు, రెండోది ఎర్రతల గల నల్ల రాబందు. శాస్త్రవేత్తల వర్గీకరణ ప్రకారం మన ఎముకల పక్షికి దగ్గరి బంధువు హిమాలయ రాబందు కాదు, ఆ తెల్ల బోరువే. ఈ రెంటినీ ఒకే ఉపకుటుంబంలో చేర్చారు. కనుక చిన్నదానిని తెల్ల బోరువ అన్న నోటితో పెద్దదానిని పెద్ద బోరువ అనడం శాస్త్రానికి కూడా ఒప్పుతుంది.

గుర్రం నడిపే ఆయన అన్న గిద్ధ్ కూడా మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని గృధ్ర శబ్దం ప్రాకృత భాషలలో గిద్ధ అనీ గద్ధ అనీ మారింది. ఉత్తరాదివారి గిద్ధ్ మొదటి రూపం నుండి వచ్చింది. మన గద్ద రెండో రూపాన్ని ఎంత పోలి ఉందో మీరే గమనించండి. జటాయువును గృధ్రరాజు అన్నాడు వాల్మీకి.

పాతబస్తీ చదువరి:

ఈ చర్చలో ఒక పేరు రాకుండా పోతుందేమోనని రాస్తున్నాను. మా తాతగారు ఇంట్లో పిల్లలకు ఫార్సీ చెప్పేవారు. ఆయన నోట మొదట విన్న పక్షి పేరు హుమా. హుమా నీడ ఎవరి తల మీద పడితే వారు రాజవుతారని నమ్మకం. అక్బరు తండ్రి హుమాయూన్ పేరుకు శుభప్రదుడని అర్థం, అది ఈ పక్షి పేరుతో ముడిపడిన మాట. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాన్ సింహాసనం పందిరి మీది నుండి ఊడదీసుకుపోయిన, రత్నాలు పొదిగిన బంగారు పక్షి కూడా హుమాయే. అది ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉంది.

హుమా అంటే కేవలం కల్పిత పక్షి అని చాలామంది అనుకుంటారు. ఇరాన్‌లో మీరు చూసిన ఈ ఎముకల రాబందుకే ఈనాటికీ హుమా అని పేరు. 1258లో పూర్తయిన ఫార్సీ గ్రంథం గులిస్తాన్‌లో షీరాజు నగరపు సాదీ కవి, హుమా పక్షులన్నిటిలో గౌరవనీయమైనది, ఎందుకంటే అది ఎముకలు తిని బ్రతుకుతుంది, ఏ ప్రాణినీ నొప్పించదు అని అన్నాడు. నేను ఈ మాటను చిన్నప్పుడు వల్లె వేశానే గాని, అది ఒక నిజమైన పక్షిని చూసినవారి పరిశీలన అని ఈ వయసులో తెలిసి ఆశ్చర్యపోయాను. ఆల్ప్స్‌లో ఏ పక్షిని పిల్లలను ఎత్తుకుపోయే దొంగ అన్నారో, దానినే షీరాజు నగరంలో హింస ఎరుగని పక్షి అన్నారు. రెక్కల లెక్క గారు చెప్పిన ఆహారపు లెక్క సాదీ పక్షానే నిలుస్తోంది.

తెలుగు పేరుగా హుమాను నేను సూచించడం లేదు, అది మనకు పురాణపు పేరుగానే మిగులుతుంది. కాని వ్యాసంలో దానికి ఒక పేరా దక్కాలని నా కోరిక.

ఆదిలాబాద్ పశువైద్యం:

పైవారు చెప్పినవన్నీ శ్రద్ధగా చదివాను. రెండు విషయాలలో కొంచెం భిన్నంగా చెప్పదలచాను.

మొదటిది, ఈ పక్షి ఏ ప్రాణినీ ముట్టదని పిల్లలకు రాయకండి. మధ్యధరా తీరాలలో అది తాబేళ్ళను పట్టి, ఎముకలను విరిచినట్లే పైనుండి రాళ్ళ మీద పడేస్తుంది. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ క్రీస్తు పూర్వం 456 ప్రాంతంలో సిసిలీలోని గేలాలో చనిపోయాడు. ఆయన బట్టతలను రాయి అనుకొని ఒక పెద్ద పక్షి తాబేలును జారవిడవడం వల్ల అది జరిగిందని పాతకాలపు కథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో ఎలా ఉన్నా, పక్షి అలవాటు మాత్రం నిజం. పైగా పిల్ల పక్షికి మొదటి వారాలలో మాంసం కావాలి. చలికాలంలో గుడ్డు పెట్టడం వెనుక ఉన్న లెక్క కూడా అదే. మంచు కరిగే వేళకు, హిమపాతాలలో చచ్చిన కొండమేకల కళేబరాలు బయటపడతాయి, సరిగ్గా అప్పుడే గూటిలో పిల్ల నోరు తెరుస్తుంది. కనుక ఎక్కువగా ఎముకలే తింటుంది అంటే చాలు.

రెండోది, రాబందు అనే మాట గురించి. మన పత్రికలలో లంచగొండులను, వడ్డీవ్యాపారులను రాబందులు అనడం పరిపాటి అయిపోయింది. జర్మన్ పల్లెలలో గొర్రెపిల్ల అనే మాట ఆ పక్షికి చేసిన ద్రోహం వంటిదే మనం ఈ వాడుకతో మొత్తం జాతికి చేస్తున్నాము. నా వృత్తిలో దీని ఫలితం కళ్ళారా చూశాను. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, 1990ల తరువాత దేశంలోని మూడు జాతులను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. అయినా ఊళ్ళలో రాబందులు తగ్గాయని రైతులతో చెబితే, మంచిదే కదా అన్నవారు ఎందరో ఉన్నారు. మా వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అంచుల మీద గూళ్ళు కట్టిన పొడుగు ముక్కు రాబందులను చూపించి, ఇవి లేకపోతే కళేబరాలు కుళ్ళి కుక్కలు పెరుగుతాయని వివరించాకే వారి మాట మారింది.

అందుకే రాబందు అనే మాటను వదిలి పెద్ద బోరువ వైపు పోవడం నాకు ఇష్టం లేదు. రాచిలుక, రాకొమరుడు అనే మాటలలో ఉన్న ‘రా’యే రాబందులోనూ వినిపిస్తుంది. గౌరవంగా పెట్టిన పేరును తిట్టుగా మార్చినది మనమే. పేరు దాచడం కంటె, మంచి పక్షికి ఆ పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ రాయడం మేలు. గడ్డపు రాబందు తప్పు కాదు గాని, ఆ కుచ్చు దగ్గరగా చూసినవారికే కనిపిస్తుంది. కొండ మీద నడిచేవారికి కనిపించేది అది చేసే పని. బొమికల రాబందు అనండి. మా ఊళ్ళలో ఎముకను బొమిక అనే అంటారు.

పదమూలం:

ఆదిలాబాద్ పశువైద్యం గారి వాదనకు నేను తలవంచుతున్నాను. బొమికల రాబందు అనే పేరు ఆసిఫ్రాగా, కెబ్రాంతవేసోస్ అనే పేర్ల వరసలోనే నిలుస్తుంది, అనువాదపు వాసన లేకుండా తెలుగులా పలుకుతుంది. బోరువ మాటను వ్యాసంలో ఒకచోట పాత పేరుగా గుర్తు చేస్తే నాకు తృప్తి.

కొండబాట:

ఇంత శ్రద్ధగా జవాబులు రాసిన అందరికీ మా అమ్మాయి తరఫున కూడా కృతజ్ఞతలు. నిన్న రాత్రి జవాబులన్నీ ఆమె నాకు చదివి వినిపించింది. శీర్షికలో బొమికల రాబందు అని రాసి, మొదటి పేరాలోనే పుస్తకాలలో గడ్డపు రాబందు అనే పేరుతో కూడా కనిపిస్తుందని చెప్పడానికి నిర్ణయించుకుంది. సాదీ మాట, రౌరిస్ లోయలోని పిల్లల సంగతి రెండూ ఉంటాయి. తాబేళ్ళ విషయం దాచకుండా రాస్తానంది. లామర్‌గయర్ అనే మాట ఆ పేరు ఎలా అబద్ధమో చెప్పే వాక్యంలో మాత్రమే వస్తుంది.

ఒక విషయం మేము ముందు రాయలేదు. నాలుగోసారి జారవిడిచిన తరువాత ఆ పక్షి కిందికి దిగి, రాళ్ళ మధ్య చాలాసేపు ఉండిపోయింది. అప్పుడు మేఘం కమ్మడంతో దానికి ఏమైందోనని మా అమ్మాయి దిగులుపడుతూనే ఆలయానికి నడిచింది. ఎముక విరిగి ఉంటుంది, అది తింటూ ఉండి ఉంటుంది అని నిన్న తనే చెప్పింది.